పేరు లేని రికార్డు

ఆమదాలవలస స్టేషన్ రోడ్డులో మైకు సెట్లు అద్దెకిచ్చే దాలయ్యకి మూడు రోజులుగా కుదురు లేదు.

కారణం ఒక గ్రామఫోను రికార్డు.

నారాయణమూర్తి మాస్టారు తెచ్చి ఇచ్చాడు దాన్ని. కలకత్తాలో స్నేహితులెవరో గుట్టుగా వేయించారట. మీద ఎర్ర కాగితమే గాని పేరూ ఊరూ లేవు. ముల్లు పెడితే చాలు, డప్పూ జముకూ కలిసి కాలు నిలవనిచ్చేవి కావు. ఆ దరువు మధ్య మాస్టారి గొంతు పాడదు, మాట్లాడుతుంది. కోసిన చేతికి గింజెందుకు దక్కలేదని కామందుని నిలదీస్తుంది.

అది అరవై తొమ్మిదో సంవత్సరం. కొండల వైపు నక్సలైట్ల గొడవలు, రోడ్లమీద పోలీసు జీపులు. నిన్ననే రాజాంలో ఎవరి షాపో సోదా చేశారని తెలిసింది.

మధ్యాహ్నం ఒక ముసలావిడ వచ్చి గుమ్మంలో నిలబడింది. మోకాళ్ల దాకా చీర, కాళ్లకి ఎండిన బురద.

"బాబూ, ఆ ఎర్ర కాగితం రికార్డు నీకాడుందట గదా. ఓపాలి ఎయ్యి, ఇంటాను."

దాలయ్య రికార్డుల పెట్టె మూసేశాడు. పోలీసులు ఇలాంటి వాళ్లనే పంపుతారని విన్నాడు.

"అలాటియ్యేటీ లేవు. ఎవులు సెప్పారు నీకు?"

"అందరూ సెప్పుకుంతన్నారు."

"దేవుడి పాటలున్నాయి. కావాలంటే ఎయ్యగలను."

"అయ్యి కాదు బాబూ. తెల్లారగట్ల బయలెల్లి నడిసొచ్చాను."

"లేదంటే ఇనవేటి? ఎల్లెల్లు."

ఆవిడ వెళ్లలేదు. మెట్టుమీద కూర్చుంది.

దాలయ్య ఆంప్లిఫయరు విప్పాడు. మరమేకు కింద పడింది. వెతుక్కుని మళ్లీ బిగించాడు. వీధిలో ఏ బండి చప్పుడైనా లేచి చూస్తున్నాడు.

"ఊరేటి నీది?"

"శ్రీకూర్మం అవతల."

"పేరు?"

"లచ్మణమ్మంటారు."

"ఆ రికార్డు నీకెందుకు?"

"ఎలాగొచ్చిందో తెలుసుకుందారని."

ఆ మాటతో దాలయ్య అనుమానం రూఢి అయింది. ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆరా తీస్తోంది.

"లే ముందు. మళ్లీ నా గుమ్మం తొక్కకు."

ఆవిడ లేచి, చీర దులుపుకుని రోడ్డెక్కింది. పది అడుగులు వేసిందో లేదో జీపు వచ్చి షాపు ముందు ఆగింది.

హెడ్డు కానిస్టేబులు మైకు గొట్టాలు పక్కకి తోశాడు. పెట్టెలు బోర్లించాడు. దేవుడి పాటల కింద నుంచి ఎర్ర కాగితం బయటికొచ్చింది.

"ఇదెవరిదిరా?"

దాలయ్య నోరు తెరిచేలోపు గుమ్మం దగ్గర్నుంచి గొంతు వినబడింది.

"నాదే బాబూ."

ముసలావిడ వెనక్కి వచ్చేసింది.

"నీదా? గ్రామఫోనుందా నీకు?"

"నేదు. అందుకే ఇక్కడ ఎయ్యమని తెచ్చినాను. ఈ బాబుకేటీ తెల్దు. ఎయ్యనని గెంటేసినాడు."

జీపెక్కుతూ ఆవిడ దాలయ్య వైపు చూడలేదు. కానిస్టేబులు చేతిలో రికార్డు వైపే చూసింది.

ఆ రోజు నుంచి దాలయ్యకి అన్నం సహించలేదు. పిచ్చిదేమో అనుకున్నాడు. పిచ్చిదైతే తననెందుకు తప్పిస్తుంది? వెళ్లి కనుక్కుందామంటే ధైర్యం చాలలేదు.

నెల తిరిగాక మాస్టారు వచ్చాడు. గడ్డం మాసి ఉంది. షాపులోకి వచ్చి తలుపు ఓరగా వేశాడు.

"రికార్డు పట్టుకుపోయారు మాస్టారూ. ఎవులో లచ్మణమ్మట, తనదేనని నెత్తినేసుకుంది."

"జైల్లో జ్వరం తగిలి మొన్న పోయింది. నేను దాక్కుని తిరుగుతూ ఆఖరి చూపుకి కూడా వెళ్లలేకపోయాను."

దాలయ్య స్టూలుమీద కూలబడ్డాడు.

"నాకోసం అబద్దమాడింది మాస్టారూ. నానేమో మెట్టుమీద కూకుంటే లేపి గెంటేసినాను."

మాస్టారు తల అడ్డంగా ఊపాడు.

"తనదేనన్నది అబద్ధం కాదు దాలయ్యా. ఊడుపుల్లో నడుం వంచి నాటుతూ ఆవిడ చెబుతుంటే గట్టుమీద కూర్చుని రాసుకున్నాను, అందులో నాది గొంతొక్కటే, మాటలన్నీ లక్ష్మణమ్మవి."