నలభై బిందెల నీళ్లు

ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ పద్మనాభయ్య దుమ్ము కొలిచే యంత్రానికి కన్ను ఆనించి చాలాసేపు తల ఎత్తలేదు.

"గాలిని సీసాల్లో పట్టి మద్రాసుకు పంపే రోజులు పోయాయమ్మా. ఇందులోనే భూతద్దం బిగించారు. ఎంత దుమ్ముందో ఇక్కడే తెలుస్తుంది," అన్నాడు.

"ఎంతుంది సార్?" అంది మగ్దలీనమ్మ.

గూడూరు దగ్గర అభ్రకం పొడి కొట్టే ఆ షెడ్డు మీద అర్జీ పెట్టింది ఆమే. ఏడాదిలో ముగ్గురు ఆడకూలీలు దగ్గి దగ్గి చనిపోయారు. ఇప్పుడు ఆమె చెల్లెలు రక్తం కక్కుతోంది.

"దుమ్మే లేదమ్మా."

"రోజూ ఒకరి మొగం ఒకరికి కనపడదు సార్!"

ఆయన చూపు నేల మీదికి పోయింది.

"నీళ్లెవరు చల్లారు? యజమానా?"

"మేమే సార్. తెల్లారకముందే నలభై బిందెలు మోసి కళ్లాపి చల్లినాము. మా మాట విని అంత దూరం నుంచి వస్తిరి. మిమ్మల్ని దుమ్ములో కూర్చోబెడతామా?"

పద్మనాభయ్య కాగితం, కలం తీశాడు.

"యంత్రం చూపిందే రాయాలమ్మా," అన్నాడు.

"మళ్లీ ఎప్పుడొస్తారు?"

"వచ్చే ఏడు."

మూల నుంచి చెల్లెలి దగ్గు వినిపించింది. మగ్దలీనమ్మ నేల మీద కూలబడి, కొంగుతో తడి తుడవసాగింది.

"ఆరేదాకా ఉండండి సార్," అంది.