మూడో గ్లాసు

గ్లాసును మెల్లగా కదిపి పదిహేను లెక్కపెట్టాలి. అప్పటికీ కదలని నీటిపురుగు చచ్చినట్టే. మా ప్రయోగశాల పద్ధతి ఇది.

వాగులో ఉన్నంత రాగిని మంచినీళ్లలో కలిపిన మొదటి గ్లాసులో ఇరవై పురుగులూ ఈదుతున్నాయి. అక్కడున్నంత పురుగుమందే కలిపిన రెండో గ్లాసులోనూ అంతే. మూడో గ్లాసులో ఒక్కటీ కదల్లేదు.

"సంతకం పెట్టమ్మా. రేపు వాగు నీళ్లు కుళాయిలకు వదలాలి," అన్నాడు మా అధికారి.

"మూడోది చూశారా సార్?"

"రెండూ కలిపితే చావక పెళ్లాడతాయా? అసలు కలపమని నీకెవరు చెప్పారు? ఫారంలో రాగికో గడి, మందుకో గడి. రెండూ హద్దులోనే ఉన్నాయి. కలిపినదానికి గడి ఉందా?"

లేదు. రాగి ఫ్యాక్టరీది, మందు పొలాలది. ఎవరిని అడిగినా మాది చిటికెడే అంటారు. ఫారం రాసిన పెద్దమనుషుల ఇళ్లలో నీళ్లు గడులు గడులుగా పారతాయి కాబోలు!

"నేనేమీ కలపలేదు సార్. అది ఉత్త వాగు నీరు. నిన్న మీరు తెప్పించిందే."

ఆయన చూపు గ్లాసు మీదే నిలిచిపోయింది. నేను మనసులో లెక్కపెట్టాను. పదిహేను దాటినా ఆయన కదల్లేదు.

ఫారంలో నా సంతకానికి మాత్రం గడి ఉంది. పెట్టాను.