వంటింటి లెక్క

హలో, అందరికీ వినబడుతోందాండీ? అయితే వినండి.

ఆ రోజుల్లో ఇంటికి నాలుగు కంప్యూటర్లు. ఇంట్లో ఎందరున్నారో చెప్పే కొత్త ప్రోగ్రాం నాలుగింట్లోనూ ఒకే లెక్క చెప్పి పరీక్ష పాసైతేనే ఇంటికి కరెంటు. గవర్రాజుగారింట్లో మూడు పాసయ్యాయి, వంటింటిది మాత్రం ఫెయిలైంది. సాయంత్రంలోగా బాగుచెయ్యకపోతే ఇల్లు చీకటే. రిపేరు చేసే హైమ పరుగున వచ్చింది.

“బాబాయ్‌గారూ, ఇంట్లో ఉండేది ఒక్కరేనని మూడూ అంటున్నాయి. ఇదొక్కటే ఇద్దరంటోంది.”

“మీ పిన్ని పోయి ఏడాదైందమ్మా. దానికెవరూ కబురు చెప్పలేదేమో.”

హైమ అదే ప్రోగ్రాంని తన లాప్‌టాప్‌లో నడిపింది. పాసైంది. వంటింట్లో మళ్ళీ ఫెయిల్. మెషీన్ రాసుకున్న చిట్టా తీసి చదివి నవ్వేసింది. అది సింకులో కాఫీ గ్లాసులు లెక్కపెట్టి మనుషులెందరో చెబుతోంది. రోజూ రెండు గ్లాసులు.

“అలవాటుకొద్దీ పిన్నిగారికీ కలిపేస్తున్నారన్నమాట! రేపట్నుంచి ఒక్క గ్లాసే కలుపుకోండి, సరిపోద్ది.”

గవర్రాజుగారి మొహం పాలిపోయింది.

“నాకు పొయ్యి వెలిగించడమే రాదమ్మా. లేచేసరికి కాఫీ బల్లమీద ఉంటోంది. మీ మెషీనే పెడుతోందనుకున్నా.”

హైమ మెషీన్ కేసి చూసింది. దానికి కళ్ళే గాని చేతుల్లేవు.

ఆమె మళ్ళీ లాప్‌టాప్ తెరిచింది. మిగతా మూడింట్లోనూ ‘ఇద్దరు’ అని దిద్దింది. నాలుగూ పాసయ్యాయి. సింకులో రెండు గ్లాసులూ ఇంకా తడిగానే ఉన్నాయి.

మీ ఇంట్లో పొద్దున్నే కాఫీ కలిపేవాళ్ళకి ఈ కథ పంపండి బాబూ.