గార పట్టిన పన్ను

మా ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కనే మా అత్త ఎరకమ్మ పంటి చిగురు పెరుగుతూ ఉంటుంది. ఆవిడ కణాలతోనే పెంచిన పొర, ఎర్రటి మీగడలా ఉంటుంది. పన్ను నిలవాలంటే కుళ్లిన చిగురు చోట దాన్ని అతికించుకోవాలి. ఇప్పుడు అందరి ఇళ్లలోనూ ఇలాంటి డబ్బాలే కాబట్టి నాకు దాని మీద రోత లేదు. రోతంతా ఆవిడ నోటి మీదే.

ఇవాళ రెండో పొర కూడా ఊడి గంజిలో తేలింది. అత్త దాన్ని వేలితో తీసి కంచం అంచున పెట్టి, మిగతా గంజి తాగేసింది.

"రోజూ మందుతో పుక్కిలిస్తన్నాను. పురుగులన్నీ సచ్చిపోనాయి. మరెందుకు అతకదే, వరాలూ?"

"అవి సచ్చినా వాటి ఇసం గారలో ఉండిపోద్దత్తా. దాని మీద కొత్త చిగురు అంటుకోదు. గార గీకించుకోమని డాక్టరమ్మ సెప్పింది కదా."

"గార గీకితే పన్ను కదిలిపోద్ది."

ఆవిడకు మిగిలింది ఒక్క ముందుపన్ను. డబ్బాలో ఉన్నది ఆఖరి పొర. ఈ వయసులో ఇంకోటి పెరగదన్నారు.

సాయంత్రానికి ఎలాగో ఒప్పించి, ముక్కుకు కొంగు కట్టుకుని నేనే గీకాను. చుట్టపొగకు నల్లబడిన గార పెచ్చులుగా లేచింది. కింద చీము, కుళ్లిన చేపల బుట్ట కంపు.

ఆఖరి పెచ్చుతో పాటు పన్ను కూడా నా అరచేతిలో పడింది.

అత్త దాన్ని తీసుకుని చీర చెంగుతో తుడిచింది. "సెప్పినాను కదే," అంది.

డబ్బాలో పొర నిగనిగలాడుతోంది.