ఆదివారం పొయ్యి బిల్లు

ఆ రోజుల్లో పార్లమెంటు కోసం ఎవరూ ఢిల్లీ వెళ్లేవాళ్లు కాదు, సభే ఇంటి గోడ మీద తెరలా వచ్చేసేది. గాజువాకలో నీలవేణి వాళ్లింట్లో అయితే రెండు సభలూనూ! జనం ఓట్లేసి గెలిపించిన నీలవేణి వంటింట్లోంచి లోక్‌సభలో కూర్చునేది. ఎమ్మెల్యేలు ఎన్నుకున్న అత్తగారు సూరీడమ్మ హాల్లోంచి రాజ్యసభలో కూర్చునేది.

ఇవాళ పోపు మాడిపోతున్నా నీలవేణికి తెలీట్లేదు. ఆదివారం ఏ ఇంట్లోనూ ఆడవాళ్లు పొయ్యి ముట్టక్కర్లేదని తను పెట్టిన బిల్లు లోక్‌సభలో గట్టెక్కింది. పెద్దల సభలో మాత్రం ఓటింగుకి ముందు లెక్క చూస్తే ఒక్క ఓటు తక్కువ. అత్తగారు ఏ మీట నొక్కుతుందో ఇంకా తేల్చలేదు!

"అత్తయ్యా, మీకు పుణ్యముంటుంది, అవుననెయ్యండి!"

"ఏటే తొందర? అయిదేళ్ల సీటు నీది, ఆరేళ్ల సీటు నాది. నీకన్నా ఏడాది ఎక్కువ ఆలోచిస్తాను," అంది సూరీడమ్మ. "నువ్వు వండవు సరే, మరెవరు వండుతారో రాయలేదేం? మగాళ్లే వండాలని సవరణ పెడుతున్నాను."

గోడ మీద పెద్దల సభ ఘొల్లున నవ్వింది. సవరణ నెగ్గింది, బిల్లు నెగ్గింది, మారిన బిల్లు ఒప్పుకోలు కోసం మళ్లీ వంటింటి గోడ మీదకొచ్చింది. నీలవేణి పిండి చేత్తోనే 'అవును' మీట నొక్కేసింది. లోక్‌సభ కూడా సరేనంది!

చట్టమయ్యాక మొదటి ఆదివారం. నీలవేణి మొగుడు కామేశం గరిటె పట్టుకుని హాల్లోకొచ్చాడు.

"అమ్మా, ఉప్పు డబ్బా ఎక్కడే?"

"ఇవాళ మా సభకి సెలవురా!" అంది సూరీడమ్మ.

"మా సభక్కూడానండోయ్!" అంది నీలవేణి, అత్తగారి పక్కనే కాళ్లు చాపుకుని.