ఇంట్లో చెప్పొచ్చావా?

కైరోలో దిగిన మొదటిరోజే లిఖిత రోడ్డు పక్కన కొయ్యబారిపోయింది. గుంటూరులో కార్లు వాటంతటవే నడుస్తాయి, మనిషి అడుగు పెడితే వాటంతటవే ఆగుతాయి. ఇక్కడ ఇంకా మనుషులే నడుపుతున్నారు. హారన్లకు చెవులు చిల్లులు పడుతున్నాయి.

"అత్తయ్యా, ఇవి ఆగవు. హోటలుకి వెళ్ళిపోదాం."

సుభాషిణి ఒక చేత్తో కోడల్ని పట్టుకుని, రెండో చెయ్యి వాహనాలకు అడ్డం పెట్టి రోడ్డు మీదికి దిగింది. టాక్సీ ఒకటి కీచుమని ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి అరిచాడు. ఇద్దరి చెవుల్లోని అనువాద యంత్రాలూ ఆ తిట్టును తెలుగులో వినిపించాయి:

"ఇంట్లో చెప్పొచ్చావా?"

"చెప్పే వచ్చాను నాయనా!" అంది సుభాషిణి, నవ్వుతూ.

అవతలికి చేరాక లిఖితకు ఊపిరొచ్చింది. "తిడితే నవ్వుతారేంటి అత్తయ్యా?"

"ఇరవయ్యేళ్ళయిందే ఆ మాట విని. మన కార్లు ఆగుతాయి గానీ, ఒక్కటైనా ఇలా అడిగిందా?"