హనీఫా నజరానా

పేతురు మీసాల కొనల మీద చెరొక పిచ్చుక వాలి ఊగేది. నేను కళ్లారా చూశాను.

ఆ మీసాలు దువ్వుకుంటూనే కాపలాదారు పేతురు హనీఫాను కాంతమణి గదిలోకి తోశాడు. లోపలికి వస్తూనే ఆ పిల్ల మేకుకు వేలాడుతున్న ఖాకీ కోటుకు వంగి సలాం చేసింది.

"చూశారా అమ్మగారూ, ఎగతాళి!" అన్నాడు పేతురు.

పోలీస్ యాక్షన్ అయిన మరుసటేడు. సికింద్రాబాద్ పక్క బొల్లారంలో, నేరం చేసిన ఆడపిల్లలను ఉంచే ఇల్లు అది. మద్రాసులో చదివొచ్చిన కాంతమణి ఈ పిల్లలకూ, బడిపిల్లలకూ ఒకే బొమ్మ చూపించి కథ చెప్పమంటుంది. మాట నడిచే తీరునుబట్టి మనసు తెలుస్తుందట. రైలుస్టేషన్లో ఎవరిదో మూట ఎత్తుకుందని హనీఫాను పట్టుకొచ్చారు. తనదే అనుకున్నానంటుంది ఆ పిల్ల. కాంతమణి సరేనంటే ఇవాళే నాయనమ్మ వెంట ఇంటికి. కాదంటే పద్దెనిమిదేళ్లు నిండేదాకా ఇక్కడే.

బడిపిల్ల మేబెల్ అప్పటికే చెప్పేసింది: "ఒకామె పెట్టె తెరుస్తోంది. వెనక పిల్లి ఉంది."

"ఇక నువ్వు చెప్పమ్మా. బొమ్మలో ఏముంది?"

హనీఫా కాంతమణి ముఖం వైపు తిరగకుండా, కిటికీకి చెప్పినట్టు చెప్పింది.

"నాకు నజర్ లేదమ్మా."

"నజరేమిటి?"

"నజరానా అమ్మగారూ!" పేతురు బెజవాడ నుంచి వచ్చి నిండా ఏడాది కాలేదు గాని, ఉర్దూ మొత్తం తన మీసాల్లోనే ఉందంటాడు. "ఇక్కడ దొరల ముందుకు పోతే ఇచ్చుకునే కానుక. మీకు లంచం కావాలనుకుంటోంది."

కాంతమణి ముఖం ఎర్రబడింది. "లంచం నేనడిగానా నిన్ను?"

"పట్టుకున్న జమాదారుకు సుత గదే చెప్పిన. కొట్టిండు."

"కొట్టడా మరి! బొమ్మ సంగతి చెప్పవే!" అని ఉరిమాడు పేతురు.

హనీఫా బెదిరిపోయి షురూ చేసింది. "గుర్రమున్నది. తెల్లది. పెండ్లికొడుకు ఎక్కిండు. ముంగట బాజాలు, ఎనక పిల్లలు..."

పెట్టె లేదు, పిల్లి లేదు. ఎదుట పెట్టిన బొమ్మ గురించే ఇంత ధారాళంగా బొంకే పిల్ల, మూట తనదే అనుకున్నానంటే నమ్మేదెవరు?

కాంతమణి కలం మూత తీసి, వాకిట్లో కూర్చున్న నాయనమ్మ జాన్ బీని పిలిపించింది.

"మీ మనవరాలిని పంపను. నజర్ లేదంటూ నా దగ్గరే లంచం మాట ఎత్తింది."

జాన్ బీ మనవరాలి చెయ్యి పట్టుకుని దగ్గరకు తీసుకుంది.

పిచ్చుకల సంగతి వదిలేయండి, పేతురుకు అసలు మీసమే లేదు, అది నేను అతికించింది. ముసలామె అన్న మాట మాత్రం ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

"నజరంటే కంటిచూపమ్మా."